మూడు తుపాకులు, ఒక సంతకం

మా నాన్న దగ్గర లైసెన్సున్న తుపాకులు మూడు ఉండేవి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చార్జ్‌మన్‌గా పనిచేసే మనిషికి మూడు తుపాకులెందుకని మా క్వార్టర్ల వరుసలో అడగని వాళ్ళు లేరు. ఎవరడిగినా నాన్నది ఒకటే జవాబు. "కొందరు పావురాలు పెంచుతారు. నాను ఇవి పెంచుతున్నాను."

మొదటిది మా తాతది. శ్రీకాకుళం దగ్గర కొండ అంచున ఉండే మా ఊళ్ళో, పంట మీదికి అడవి పందులు రాకుండా కాల్చే నాటుతుపాకీ. మందు గొట్టంలో కూరి కాల్చాలి. రెండోది రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ. అది నాన్న పైఅధికారిది, ఒక ఆంగ్లో ఇండియన్ దొరది. ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, "నీ దగ్గరుంటే తుప్పు పట్టదు" అని కాగితాలన్నీ సరిగ్గా మార్పించి మరీ ఇచ్చాడట. మూడోది పాయింట్ టూటూ రైఫిల్. రైఫిల్ క్లబ్బులో చేరాక నాన్న తనకోసం కొనుక్కున్నది. నాలుగోది కూడా ఒకటుండేది, పాత రివాల్వర్. ఎనభైల మొదట్లో ఒక మనిషికి మూడే అని చట్టం మారడంతో దాన్ని కలకత్తా డీలరుకు అప్పగించాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి నాన్న అన్నం తినలేదు.

"ఎవుడి సేతిలో పడతాదో తెలీదు" అని మాత్రం అన్నాడు.

అప్పటినుంచే ఆయనకు, తన తర్వాత ఈ మూడింటి గతేమిటన్న చింత పట్టుకుంది. దానికి తోడు మరొకటి జరిగింది. నాన్నతో పనిచేసే ఒకాయన ఉన్నట్టుండి పోయాడు. ఆయన తుపాకీ బీరువాలోనే ఉండిపోయింది. మనిషితో పాటే లైసెన్సూ పోతుందని ఆ ఇల్లాలికి తెలియదు. ఏడాది తర్వాత పోలీసులు లెక్క చూసుకుంటూ వచ్చి అడిగితే అమాయకంగా తీసి చూపించింది. లైసెన్సు లేని ఆయుధం ఇంట్లో పెట్టుకుందని కేసయింది. నాన్న సెలవు పెట్టి ఆవిడ వెంట కోర్టుకు తిరిగాడు. తిరిగి తిరిగి కేసు తేలిపోయిన రోజున ఇంటికొచ్చి, చొక్కా అయినా విప్పకుండా నన్ను పిలిచాడు.

"అమ్మీ, ఓ నోట్‌బుక్ తే. నాను పోతే ఏటి సెయ్యాలో సెప్తాను, రాసుకో."

నేనప్పుడు డిగ్రీ మొదటి ఏడు. వరండాలో పీట మీద కూర్చుని రాశాను. ఒక్కో తుపాకీ నంబరు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చింది, ఏ గొట్టంలో ఎక్కడ చిన్న గుంట ఉంది, ఏ స్ప్రింగు బలహీనంగా ఉంది, అన్నీ చెప్పాడు. తను పోయిన తర్వాత మొదటి రోజే పెట్టెకు తాళం వేసి తాళంచెవి నేను దాచుకోవాలి. బంధువులెవరు చూస్తామన్నా తియ్యకూడదు. మూడో రోజు దాటకుండా ఠాణాకు తీసుకెళ్ళి అప్పగించి, మూడు నంబర్లూ వేసిన రసీదు తీసుకోవాలి. ఆ రసీదు లేకుండా ఠాణా మెట్లు దిగకూడదు. ఆ తర్వాత మిడ్నాపూర్ కలెక్టరు ఆఫీసులో వారసురాలిగా నా పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని సంతకాలు చెయ్యాలి.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "శుభమా అని దీపం పెట్టిన ఏళ ఆ సావు మాటలేటి, తండ్రీ కూతుళ్ళకి?"

"సావు ఏళ సూసుకుని రాదు కదే" అన్నాడు నాన్న. తర్వాత నావైపు తిరిగి మామూలుగా అన్నాడు. "ఆ మూడూ నీవేనే. వాటి సంగతి నీకే తెలుసు."

నాకు తెలిసిన మాట నిజం. కాలేజీలో ఎన్‌సీసీలో చేరాక మొదటిసారి రైఫిల్ పట్టుకున్నాను. నాన్న నా గురి చూసి ఆదివారాలు తన వెంట క్లబ్బుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడైన, నన్ను అప్పా అని పిలిచే మా తమ్ముడికి మోత పడదు. దీపావళికి చెవుల్లో దూది పెట్టుకుని మంచం కింద దూరేవాడు. తుపాకుల పెట్టె తెరిస్తే ఆ నూనె వాసనకే గదిలోంచి వెళ్ళిపోయేవాడు. అందుకని వాటిని శుభ్రం చేసే పని నాకొచ్చింది. వానలకు ముందొకసారి, వానలయ్యాక ఒకసారి. ఇత్తడి బ్రష్షు గొట్టంలో తిప్పి, గుడ్డముక్కలు తెల్లగా బయటికొచ్చేదాకా తోసి, పల్చగా నూనె పూసి, గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి లోపలికి చూడాలి. లోపల వెలుగు చుట్టలు చుట్టలుగా మెరిస్తే పనయినట్టు. ఖరగ్‌పూర్ వానాకాలంలో ఒక్క వారం అశ్రద్ధ చేస్తే చాలు, ఇనుము ఎర్రబడుతుంది.

ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకులు ఠాణాలో అప్పగించాలి. పాత దుప్పట్లో చుట్టి, రిక్షాలో మా ఇద్దరి మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఒకసారి ఠాణాలో పెద్ద దారోగా నన్ను చూసి నవ్వాడు.

"క్యా చార్జ్‌మన్ సాబ్, బేటీ ఆప్‌కీ బాడీగార్డ్ హై క్యా?"

"బాడీగార్డ్ నహీ సాబ్" అన్నాడు నాన్న. "వారిస్ హై."

వారసురాలు. అంతమంది మగవాళ్ళ మధ్య, పోలీసు ఠాణాలో, మా నాన్న నన్ను అలా అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో నేను నిటారుగా కూర్చున్నాను.

నా పెళ్ళి సంబంధాలప్పుడు విశాఖపట్నం నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకు ఉద్యోగి. అమ్మకు చాలా ఇష్టం. ఖరగ్‌పూర్ దాటి వెళ్ళనని నేనే మొండికేశాను. కారణం ఆ తుపాకులేనని నాన్నకు తెలుసు. తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. చివరికి ఇక్కడే రైల్వే ఆఫీసులో క్లర్కుగా ఉన్న మనిషిని చేసుకున్నాను. బడిలో టీచరుగా చేరాను. నాన్న రిటైరయి ఊళ్ళోనే తాల్‌బగీచాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. తమ్ముడు ఊరవతల ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరయ్యాడు. నేను ఏడాదికి రెండుసార్లు ఆదివారం పొద్దున్నే వెళ్ళి తుపాకులు శుభ్రం చేసి, అమ్మ చేతి చేపల పులుసు తిని వచ్చేదాన్ని.

తొంభైల మొదట్లో లైసెన్సు రెన్యువల్‌కు నాన్నా నేనూ మిడ్నాపూర్ వెళ్ళాం. అలవాటే. లోకల్ రైల్లో నది దాటి అరగంట ప్రయాణం. ఆయనకు ఇంగ్లీషు కాగితాలు చదవడం కష్టం కాబట్టి ప్రతిసారీ నేను చదివి వినిపించేదాన్ని, ఆయన సంతకం పెట్టేవాడు. ఆ రోజు మాత్రం టైపిస్టు దగ్గరికి తనే వెళ్ళాడు.

"ఎండగా ఉంది, నువ్విక్కడ బెంచీ మీద కూసో. నాను సూసుకొస్తాను."

చాలాసేపటికి వచ్చాడు. చేతిలో ఒక స్టాంపు కాగితం. పై భాగం వెనక్కి మడిచి ఉంది. కింద నాలుగు వేళ్ళంత ఖాళీ మాత్రం కనిపిస్తోంది.

"అమ్మీ, ఇక్కడ సంతకం పెట్టు. రెన్యువల్‌కి సాక్షి కావాలంట."

పెట్టాను. కాగితం ఆయన చేతిలోనే ఉంది, కింద తన సంచి ఆనించి పట్టుకున్నాడు. అన్ని కాగితాలూ చదివే నేను ఆ ఒక్కటీ చదవలేదు. అనుమానమన్న ఆలోచనే రాలేదు. స్టేషనుకు నడుస్తూ నాకు జాంకాయలు కొనిచ్చాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికే చూశాడు. నీరసం కాబోలు అనుకున్నాను.

రెండేళ్ళ తర్వాత వానాకాలంలో నాన్న పోయాడు. గుండెపోటు. రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

నోట్‌బుక్‌లో ఉన్నట్టే చేశాను. ఆ రోజే పెట్టెకు తాళం వేశాను. ఊరి నుంచి వచ్చిన చిన్నాన్న తాత తుపాకీ ఒక్కసారి చూస్తానంటే కుదరదన్నాను. మూడో రోజు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్ళి అప్పగించాను. రసీదులో ఒక నంబరు తప్పు పడితే మళ్ళీ రాయించాను. తమ్ముడు గోడకానుకుని నిలబడ్డాడే గాని నోరు విప్పలేదు. దుఃఖంలో ఉన్నాడనుకున్నాను.

పెద్దకర్మ అయిన వారానికి బడికి సెలవు పెట్టి ఒక్కదాన్నీ మిడ్నాపూర్ వెళ్ళాను. ఆయుధాల విభాగంలో ముసలి బెంగాలీ గుమాస్తా ఒకాయన ఉండేవాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని వచ్చిన రోజుల నుంచి ఆయనకు నేను తెలుసు. నాన్న పోయాడని చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా దరఖాస్తు తీసుకుని, ఫైలు వెతికి తెచ్చి, రెండు పేజీలు తిప్పి ఆగిపోయాడు. నా వైపు వింతగా చూశాడు.

"దీదీ, ఆప్ని తో నిజేయీ షోయీ కోరేఛేన్." మీరే కదా సంతకం పెట్టారు, అంటున్నాడు.

ఫైలు నా వైపు తిప్పాడు. నాన్న పెట్టుకున్న అర్జీ అది. తన అనంతరం మూడు ఆయుధాలూ తన ఏకైక కుమారుడి పేర మార్చాలని అందులో ఉంది. దాని వెనక మూడు స్టాంపు కాగితాలు. తనకు ఎలాంటి అభ్యంతరమూ లేదని అమ్మ తెలుగు సంతకం ఒకటి. తీసుకోవడానికి సమ్మతమేనని తమ్ముడి సంతకం ఒకటి. మూడో దాని మీద, నాకు ఆ ఆయుధాల మీద ఎలాంటి హక్కూ వద్దని, ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని టైపు చేసి ఉంది. కింద నా సంతకం.

కాగితం మధ్యలో మడత గీత ఇంకా కనిపిస్తోంది.

గుమాస్తా కుర్చీ చూపించి నీళ్ళు తెప్పించాడు. నేను కూర్చోలేదు. స్టేషనుకు ఎలా నడిచానో, ఏ రైలు ఎక్కానో గుర్తు లేదు. ఇంటికి పోకుండా నేరుగా తాల్‌బగీచా వెళ్ళాను. అమ్మ వరండాలో ఉంది. తమ్ముడు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఆ కాగితం సంగతి మీ ఇద్దరికీ తెలుసా?" అని అడిగాను. ఏ కాగితమని ఎవరూ అడగలేదు.

అమ్మే ముందు మాట్లాడింది. "తెలుసు. ఇంటి తుపాకి ఇంట్లోనే ఉండాల కదే. మీ తాతది అది. నీ ఇంటిపేరు మారిపోనాది."

"పెళ్ళికి ముందు సెప్పొచ్చు కదా. వైజాగ్ సంబంధం వద్దన్ననాడు సెప్పొచ్చు కదా."

అమ్మ తల తిప్పుకుంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. వాడి మొహం ఏడుపుకు దగ్గరగా ఉంది.

"నాకొద్దని సెప్పినానప్పా. ఒట్టు. నాకు వాటిని ముట్టుకోడమే భయం అన్నాను. నాన్న ఇన్లేదు. నీకు సెప్పనని నా సేత ఒట్టేయించుకున్నాడు."

"రెండేళ్ళు! రెండేళ్ళలో నాలుగుసార్లొచ్చి తోమినాను. నువ్వు గుమ్మంలో నిలబడి సూసినావు."

"ఏటి సెయ్యమంటావు? నాన్నకి మాటిచ్చినాను."

లోపలికెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాన్న తనకోసం రాసిపెట్టిందట. తెరిచాను. నాన్న చేతిరాత. మొదటి రోజు పెట్టెకు తాళం, మూడో రోజు ఠాణా, నంబర్లు, గుంటలు, స్ప్రింగులు. నా నోట్‌బుక్‌లో ఉన్న మాటలే, వరస తప్పకుండా. నేను పక్కగదిలో తుపాకులు తుడుస్తున్నప్పుడు ఎప్పుడో, నా సంచిలో ఉండే పుస్తకం తీసి ముందు పెట్టుకుని ఎక్కించుకున్నట్టున్నాడు. చివరి పేజీలో మాత్రం కొత్తగా రెండు వాక్యాలున్నాయి.

"వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి మీ అప్పను పిలువు. అది తోముతుంది, కాదనదు."

కొడుకుకివ్వాలనుకోవడం నాకు అర్థం కానిదేమీ కాదు. మా ఇళ్ళలో అంతా అలాగే. ముఖం మీద చెప్పి ఉంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. కానీ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నా చేత రాయించి, నా సంతకంతోనే నన్ను తప్పించి, పైగా ఆ పనికి నన్నే పెట్టాడు. కాదనదు. అప్పటిదాకా నాన్న కోసం ఏడుస్తున్నదాన్ని, ఆ మాట చదివాక ఏడుపు రాలేదు.

మా ఆయన నన్ను ఏమీ ఒత్తిడి చెయ్యలేదు. "నీకేం చెయ్యాలనిపిస్తే అది చెయ్యి, నేనున్నాను" అన్నాడు. అభ్యంతరం రాసి పంపాను. చదవనివ్వకుండా తీసుకున్న సంతకమది, చెల్లదు అని. రెండు నెలలకు విచారణకు పిలిచారు. తమ్ముడూ వచ్చాడు, నాకు రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. అధికారి నా కాగితం చూపించాడు.

"ఈ సంతకం మీదేనా?"

కాదంటే సరిపోయేదని నాకు తర్వాత చాలామంది చెప్పారు. కానీ అది నాదే. "నాదేనండీ" అన్నాను.

"చదివి పెట్టారా?"

"లేదు."

"మీరు టీచరని రాశారు. చదవకుండా ఎందుకు పెట్టారు?"

"మా నాన్న ఇచ్చారని పెట్టాను."

ఆయన ఎగతాళి చెయ్యలేదు. కలం మూసి పక్కన పెట్టి, తండ్రి ఇచ్చారని సంతకం పెడితే మోసపోయినట్టని చట్టంలో ఎక్కడా లేదమ్మా అని హిందీలో మెల్లగా చెప్పాడు. నా అభ్యంతరం కొట్టేశారు. లైసెన్సు తమ్ముడి పేర వచ్చింది.

మరుసటి ఏడు వానలకు ముందు తమ్ముడు బడి దగ్గరికొచ్చాడు. "అప్పా, తుపాకులు..." అనగానే తరగతిలోకి వెళ్ళిపోయాను. వానలయ్యాక ఉత్తరం రాశాడు. జవాబివ్వలేదు. ఆ పై ఏడూ అంతే. మూడో ఏడు రెన్యువల్ వచ్చింది. ఆయుధాలు ఠాణాలో చూపించాలి. ఈసారి వాడు మా ఇంటికే వచ్చి గుమ్మంలో చెప్పుల మధ్య కూర్చుండిపోయాడు.

"తుప్పు పట్టిపోనాయప్పా. దారోగా నన్ను ఏటంటాడో తెలీదు. ఈ ఒక్కసారికి రా. తర్వాత అడగను."

వాడి మీద జాలేసింది. ఇంకా నిజం చెప్పాలంటే తుపాకుల మీద జాలేసింది. ఆదివారం వెళ్ళాను. పెట్టె తెరిచేసరికి తడి ఇనుము వాసన కొట్టింది. రెండు గొట్టాల తుపాకీలో కుడి గొట్టం లోపలంతా మశూచి మచ్చల్లా గుంటలు పడిపోయింది. రైఫిల్ బోల్టు బిగుసుకుపోయింది. కిరసనాయిలు తెప్పించి నానబెట్టి, బ్రష్షు తిప్పుతూ పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చేశాను. చేతులకు పాత అలవాటు తిరిగొచ్చింది. ఒక దశలో నాన్న సంగతి మరిచిపోయాను కూడా. రెండు తుపాకులు అయ్యాయి. తాత తుపాకీ చేతిలోకి తీసుకున్నాను.

అమ్మ టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. తృప్తిగా నన్ను చూసి అంది.

"సూసినావా, ఆయన రాసినట్టే అయినాది. నువ్వు కాదనవని ఆయనకి తెలుసు."

దెప్పిపొడవాలని అనలేదు అమ్మ. మంచి మాటే అన్నాననుకుంది. నేను చేతిలోని గుడ్డ కింద పెట్టాను. తాత తుపాకీని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టెలో పెట్టేశాను. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని, తమ్ముడు పిలుస్తున్నా ఆగకుండా వీధి చివరి దాకా నడిచి రిక్షా ఎక్కాను.

తమ్ముడు రెన్యువల్ చేయించుకోలేదు. నెల తిరక్కుండానే రెండింటిని కలకత్తా డీలరుకు రాసిచ్చేశాడు. తాత తుపాకీని ఆ డీలరు వద్దన్నాడట. దాన్ని ఠాణాలో సరెండర్ చేసి, మా ఇంటికొచ్చి చెప్పాడు.

"నీ పేర రాయిద్దామనే అనుకున్నానప్పా. మళ్ళీ అందరి సంతకాలూ కావాలంటారు. అమ్మ పెట్టనన్నాది."

"మంచిదే, నాకొద్దు" అన్నాను. అబద్ధం కాదు. వాటిని ఇంట్లో పెట్టుకుంటే ప్రతి వానకూ ఆ నోట్‌బుక్ గుర్తొచ్చేది. ఆ రోజు వాడికి అన్నం పెట్టాను. మూడేళ్ళ తర్వాత మా ఇంట్లో వాడు తిన్న మొదటి భోజనం అది. వాడి మీద కోపం అక్కడితో పోయింది. నాన్న మీద పోలేదు. ఆయన తద్దినానికి ఏటా వెళ్తాను, దణ్ణం పెడతాను, అంతవరకే.

తొంభైల చివర్లో అమ్మ కొన్నాళ్ళు మా దగ్గరుంది. ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ, నేనడక్కుండానే ఆ సంతకం సంగతి తనే ఎత్తింది.

"నీకు సెప్పాలని మీ నాన్న రెండు మూడుసార్లు సూసినాడే. నీ మొహం సూసి సెప్పలేకపోనాడు. నువ్వేడిస్తే తట్టుకోలేడు."

"ఏడ్చేదాన్నే అమ్మా. ఏడ్చి, తర్వాత సంతకం పెట్టేదాన్ని" అన్నాను.

అమ్మ చేట మీద నుంచి తలెత్తి నన్ను చూసింది. నిజంగా పెట్టేదానివా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.